నాలుగు అనగానే

"నీకే కావాలి" అంటూ అత్తగారు వేడినీళ్ల సంచిని ఆమె వైపు తోశారు. "నేను పొద్దున పెట్టుకున్నాను అత్తయ్యా, ఇప్పుడు మీరు" అని ఆమె మళ్లీ ఆవిడ వైపు తోసింది. "నా మోకాలు ఎప్పుడో రిటైరైపోయిందే. నీదింకా డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్నదాన్నే చూసుకోవాలి." "మీరు మూలిగితే గోడ అవతల నాకు వినిపిస్తుంది." "నువ్వు మూలగవు కాబట్టి నీది నొప్పి కాదా?" సాయంత్రం ఆమె ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఈ తగువు నడుస్తూనే ఉంది, టీ తాగడానికి కాసేపు ఆగి మళ్లీ అందుకుంది, ఇప్పుడు వంటింటి గచ్చు మీద ఇద్దరి మధ్యా ఆ ఎర్ర రబ్బరు సంచి, ఎవరి ఒళ్లోకెక్కాలో తేల్చుకోలేని పిల్లిలా కూర్చుని చల్లారిపోతోంది. గుమ్మానికి అవతల భోజనాల బల్ల మీద టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్న భర్త, పళ్ల మధ్య పట్టుకున్న మరమేకు తీయకుండానే, "ఎవరో ఒకరు పెట్టుకోండి, లేకపోతే నేనే నెత్తిన పెట్టుకుంటా" అన్నాడు. "నువ్వూరుకోరా" అన్నారు అత్తగారు. "రేపు పొద్దున ఇది ఆ ప్రిన్సిపాలమ్మకి సరే అని ఒక్క ముక్క చెప్పొస్తే, ఈ సంచీ అక్కర్లేదు, ఈ గొడవా అక్కర్లేదు."

సరే అనే ఆ ఒక్క ముక్క రేపు మొదటి గంట కొట్టేలోగా చెప్పాలి. ఎంత మెత్తగా అడిగిందో మొన్న ప్రిన్సిపాల్, ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించి మరీ: పరీక్షల విభాగానికి నమ్మకమైన మనిషి కావాలి మేడమ్, మీరైతే నాకు నిశ్చింత, ఎండలో ఇంకెన్నాళ్లని. గది ఉంటుంది, గదికి తాళం ఉంటుంది, నెత్తిన ఫ్యాను, గిర్రున తిరిగే కుర్చీ. మరి గ్రౌండ్ పీరియడ్ల సంగతో అని ఆమె అడిగితే, వాటిదేముంది, లెక్కల మాస్టారు ఎప్పట్నుంచో పీరియడ్లు చాలట్లేదంటున్నారు, ఆయనకి సర్దేద్దాం, అంది. వాటిదేముంది. ఆ మాట అప్పుడు చెవిలోంచి వెళ్లిపోయింది, మెట్లు దిగుతుంటే వెనక్కొచ్చింది. మెట్లు దిగడం కూడా ఇప్పుడు పక్కవాటుగానే, రెయిలింగు పట్టుకుని, ఎవరన్నా ఎదురొస్తే కిందేదో పడిపోయినట్టు వంగి వెతుకుతూ. ఏడాదిగా ఇదే నాటకం. డాక్టరు ఎక్స్‌రే దీపం మీద పెట్టి, ఇదిగో ఇక్కడ అరిగింది, కూర్చోవడం లేవడం తగ్గించండి, అన్నాడు. కూర్చోవడం, లేవడం, అవే కదా నా ఉద్యోగం అని ఆమె చెప్పలేదు, తల ఊపి వచ్చేసింది. లెక్కల మాస్టారికి చెప్తే నవ్వేవాడేమో. మీకేం మేడమ్, విజిల్ ఊది చెట్టు నీడన నిలబడితే జీతం, మేమే నోళ్లు పడిపోయేలా అరుస్తున్నాం, అంటాడు, స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తూ, రోజూ అదే జోకు, రోజూ అదే డబ్బా. ఆమె కూడా రోజూ నవ్వుతుంది. నవ్వకపోతే ఏమనాలో తెలీదు.

వంటింట్లో ఆమె బీన్స్ ఒక్కొక్కటీ తొడిమ తుంచి, ఈనె లాగి, పళ్లెంలో పడేస్తోంది. పడేయడం కాదు, పెడుతోంది. వరసలు కట్టిస్తోంది. పొడుగువి వెనక, పొట్టివి ముందు, మధ్యలో చెయ్యి చాచినంత ఎడం, వంకరగా ఉన్నవాటిని చివరికి. ఎండ ఎటు పడుతుందో చూసుకుని పళ్లెం కొంచెం తిప్పింది, ట్యూబులైటుకి వీపు పెట్టేట్టు. పిల్లల కళ్లలో ఎండ పడకూడదు, టీచరు కళ్లలోనే పడాలి, అది మొదటి పాఠం, శిక్షణ కాలేజీలో నేర్పింది, ఇరవై ఏళ్లుగా ఆమె మొహం అందుకే ఇలా మాడింది. "కూర వండాలా, కవాతు చేయించాలా?" అన్నారు అత్తగారు. అవునుగానీ రేపటి తొమ్మిదో తరగతి పీరియడు ఇంకా తేలలేదు. మామూలుగా అయితే ఈ పాటికి మనసులో అయిపోవాలి: ముందు గ్రౌండు చుట్టూ పరుగు, తర్వాత చేతులూ నడుమూ సాగదీయడం, తర్వాత ఆ రోజు అసలు పని, తర్వాత ఆట, చివర్లో ఊపిరి కుదురుకునేదాకా నడక. గాలి ఉన్న బంతులు ఏవి, గాలి లేనివి ఏవి, ఆరో తరగతి చిన్నవాళ్లు ఏ మూల ఆక్రమించుకుంటారు, ఎవరికి కొత్త బూట్లు కరుస్తాయి, ఎవరెవరు ఇవాళ మాట్లాడుకోవట్లేదు కాబట్టి జతగా వెయ్యకూడదు. అన్నం వార్చినంత అలవాటుగా అయిపోయే పని. మరి ఇవాళెందుకు అవదు? రేపు సరే అంటే ఆ పీరియడే ఉండదు కదా, లేని పీరియడుకి ఈ తయారీ ఏమిటి, పెళ్లి ఆగిపోయిందని తెలిశాక పందిరి గుంజలు పాతుతున్నట్టు. అయినా చేతులు వరసలు కడుతూనే ఉన్నాయి.

"అమ్మా, ఉప్పెక్కడుందే?" "అక్కడే, నీ మొహం ముందు." "లేదు." "లేచి చూస్తే కనిపిస్తుంది." కూతురు, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది, పుస్తకం పక్కన పెట్టి, కాళ్లు విడదీసి, ఎడం మోకాలి మీద ఎడం అరచెయ్యి గట్టిగా ఆన్చి, కొద్దిగా ముందుకు ఒరిగి, "హమ్మ" అని లేచింది. అత్తగారు పకపకా నవ్వారు. "పదో తరగతికే హమ్మా అంటోంది చూడు. దీనికీ ఒక సంచి కొనాలి." "నేనేమన్నాను?" "హమ్మ అన్నావు." "అన్లేదు నానమ్మా." "అన్నావే ముసలమ్మా." ఆ పిల్లకి నిజంగానే తెలీదు. ఆమె చేతిలో బీన్‌కాయ చేతిలోనే ఉండిపోయింది. అదిగో, ఇంట్లో కూడా. అదే చెయ్యి, అదే మోకాలు, అదే నిట్టూర్పు. ఇవాళ ఇది చూడటం రెండోసారి. మొదటిసారి చూసింది ఒక్కరిని కాదు, తరగతి మొత్తాన్నీ ఒకేసారి.

పొద్దున జల్లు పడి వెలిసింది. గ్రౌండు తడి మట్టి వాసన, గోడ పక్కన నీళ్లు నిలిచాయి, పిల్లల బూట్లు చప్‌చప్‌మంటున్నాయి. ముసురు పట్టిందంటే ఆమె మోకాలు తలుపు గడియలా బిగుసుకుపోతుంది, ఇవాళా బిగుసుకుంది. కూర్చుని లేచే వ్యాయామం చెయ్యాలి, పరీక్షలో అడిగేది అదే: కూర్చోవడం, కాళ్లు చాపడం, మడవడం, లేవడం, నాలుగు లెక్కల్లో. ఎప్పుడూ ముందుండి తనే చేస్తూ చెప్పేది. చేసి చూపించలేనిది చెప్పకు అని తన చిన్నప్పటి డ్రిల్లు మాస్టారి మాట, ఆ మాట మీదే ఉద్యోగమంతా నిలబడింది. ఇవాళ మాత్రం కిందికి దిగితే పైకి రాదని మోకాలు చెప్పేసింది. అందుకని, ఏదో కొత్త పద్ధతిలా గొంతు బిగించి, ఇవాళ నేను లెక్క పెడతాను, మీరు చెయ్యండి, అంది. ఒకటి. అందరూ కూర్చున్నారు. రెండు. కాళ్లు చాపారు. మూడు. మడిచారు. నాలుగు. నాలుగు అనగానే ఎప్పుడూ ఆమె కళ్ల ముందు ఉండేది తన బూటు ముందున్న మట్టి, చిన్న రాళ్లు, ఒక చీమల బారు. ఎందుకంటే నాలుగు అనేసరికి తనూ లేస్తూ ఉండేది, తన తిప్పలు తనవి. ఇవాళ తల ఎత్తి ఉంది. చూసింది. తొమ్మిదో తరగతి మొత్తం, ముందు వరస నుంచి వెనక గోడ దాకా, మోకాలి మీద అరచెయ్యి ఆన్చి, కొద్దిగా ముందుకు ఒరిగి, ముసలాళ్ల సంఘం సమావేశం ముగిసినట్టు, ఒక్క గొంతుతో "హమ్మ" అని లేచింది.

వెక్కిరిస్తున్నారనుకుంది. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. తెలిసిపోయిందన్నమాట, ఇన్నాళ్లూ పక్కవాటుగా దిగిన మెట్లు, వెతికిన పడని వస్తువులు, అన్నీ చూశారన్నమాట, కూడబలుక్కుని ఇవాళ ఆట పట్టిస్తున్నారన్నమాట. ఎవరు నేర్పారు మీకిది, అంది. ఆ గొంతు విని ఆరో తరగతి వాళ్లు కూడా ఆట ఆపారు. ఎవరూ నవ్వట్లేదు. అదే వింతగా అనిపించింది. వెక్కిరించే పిల్లల కళ్లు ఆమెకి తెలుసు, ఎక్కడో ఒక మూల పెదవి కొరుకుతూ ఒకడుంటాడు, వాడి పక్కవాడు ఆకాశం చూస్తాడు. ఇక్కడ అందరూ ఆమెనే చూస్తున్నారు, తప్పెక్కడ చేశామా అని. ముందు వరసలో నించునే అమ్మాయి, అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగు పిల్ల, చెయ్యెత్తి, "మీరే కదా మేడమ్" అంది. "నేనా?" "నాలుగు అనగానే చెయ్యి మోకాలి మీద పెట్టి, ఊపిరొదిలి, లేవాలి కదా. అదే చేశాం." వెనక నుంచి ఇంకొకరు, "పరీక్షలో చెయ్యి పెట్టకపోతే మార్కులు పోతాయా మేడమ్?" పాపం, నిజంగానే అడిగాడు. ఎప్పుడూ ముందే అడిగి తెలుసుకునే రకం. ఏం చెప్పాలి? మార్కులు పోవు నాయనా, ఆ చెయ్యి వ్యాయామంలో భాగం కాదు, అది నా నొప్పి, అని చెప్పాలా?

ఇంకోసారి చెయ్యమంది. శిక్షగా కాదు. చూడాలనిపించి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈసారి ఇంకో సంగతి కనిపించింది: సగం మంది ఎడం చెయ్యి పెడుతున్నారు, సగం మంది కుడిచెయ్యి. ఆమెది ఎడం మోకాలు. ఎదురుగా నించుని చేసినప్పుడు, అద్దంలో చూసినట్టు చూసేవాళ్లు కుడిచెయ్యి పెట్టారు. మేడమ్‌కి ఎడమ అంటే నాకూ ఎడమే అని మనసులో తిప్పుకునేవాళ్లు ఎడం చెయ్యి పెట్టారు. ఎవరు అద్దాలు, ఎవరు తిప్పుకునేవాళ్లు? నిచ్చెన తిప్పుకుంటుంది. మార్కులు అడిగినవాడు అద్దం. లెక్కల్లో మొదటొచ్చే పిల్ల అద్దం, ఆశ్చర్యం, తిప్పుకుంటుందనుకున్నాను. ఇరవై ఏళ్లుగా వీళ్ల ముందు నించుని చేసి చూపిస్తున్నాను, ఒక్కసారి కూడా ఇది చూడలేదే. చూపిస్తున్నవాళ్లకి చూసే తీరిక ఎక్కడ? వంటమనిషి వడ్డిస్తూ ఉంటుంది, ఎవరు ఎలా తింటున్నారో ఆవిడకేం తెలుసు? అప్పుడింకా కోపం పూర్తిగా దిగలేదు, కానీ కోపం అడుగున ఇంకేదో కదిలింది, చిన్నప్పుడు గడియారం వెనక మూత తీసి చూసినప్పటిలాంటిది.

డ్రిల్లు మాస్టారు. తెల్ల చొక్కా, మెడలో ఎప్పుడూ ఊదని విజిలు, మాటకంటే ముందు చెయ్యి కదిలే మనిషి. తల కొంచెం కుడివైపు వంచి లెక్క పెట్టేవాడు. స్కూలు జట్టు ఫొటో ఒకటి ఆమె బీరువాలో ఎక్కడో ఉంది, కప్పు పట్టుకుని పదిమంది అమ్మాయిలు; ఆ ఫొటో చూసినవాళ్లందరూ అనే మాట, ఏమే, మీ అందరి తలలూ ఒకే పక్కకి వాలాయి, ఫొటోగ్రాఫరు అలా పెట్టమన్నాడా అని. ఆమె కూడా అలాగే అనుకునేది. మాస్టారు పోయాక పలకరింపుకి వెళ్తే ఆయన భార్య చెప్పింది, ఆయనకి ఎడం చెవి వినిపించేది కాదమ్మా, చిన్నప్పటి నుంచీ, అందుకే తల కుడివైపు వంచి వినిపించే చెవి ముందుకు పెట్టేవారు, అని. విని అయ్యో అనుకుంది, అంతటితో మర్చిపోయింది. ఇవాళ గ్రౌండులో, నాలుగు అని ఆగినప్పుడు, తన తల కుడివైపు వాలి ఉందని మెడకి తెలిసింది. ఆమె చెవులు రెండూ పనిచేస్తాయి. ఎవరి చెవుడు ఇది, ముప్పై ఏళ్లుగా నా మెడ మీద? పిల్లల తలలు చూద్దామనుకుంది, అప్పటికే వాళ్లు కదిలిపోయారు. రేపు చూడాలి. ఎందరి తలలు వాలుతున్నాయో రేపు చూడాలి అనుకుంది. అప్పుడు ప్రిన్సిపాలు, తాళం ఉన్న గది, ఏవీ గుర్తులేవు. సరే అన్నాక రేపు ఎక్కడిది?

"ఏమాలోచిస్తున్నావ్?" అన్నాడు భర్త, ఫ్యాను రెక్క బట్టతో తుడుస్తూ. "ఏం లేదు." "ఏం లేదంటే ఉంది. చూడు, బేరింగు అరిగితే లోడు తగ్గించాలి. లిఫ్టుకైనా మనిషికైనా అంతే. అరిగిన బేరింగు మీద లాగిస్తే ఒకరోజు మధ్య అంతస్తులో ఆగిపోతుంది, అప్పుడందరూ తిడతారు, నిన్నటిదాకా ఎక్కినవాళ్లే." లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏ మాటైనా లిఫ్టులోంచే దింపుతాడు. తప్పేం చెప్పలేదు. ఆయన మాట తప్పని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, ఆ మాటలో తన గ్రౌండు ఉండదంతే. రెక్క కడగడానికి లేచి వంటింట్లోకి వస్తూ, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆగి, లోపలికి చూసి, అప్పుడు అడుగు వేశాడు. పెళ్లయిన కొత్తలో ఆ ఆగడం చూసి, తనని అనుమతి అడుగుతున్నాడనుకుని మురిసిపోయింది. "మీరు గుమ్మం దగ్గర ఎందుకాగుతారు?" అంది ఇవాళ. "ఎక్కడ ఆగుతాను?" "ఇప్పుడు ఆగారు." "ఆగలేదు." "ఆగావురా" అన్నారు అత్తగారు, "ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆగుతున్నావు. లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకుందా లేదా అని. మీ నాన్న బతికుండగా అనేవారు, వీడికి మన గుమ్మం మీద కూడా నమ్మకం లేదని." కూతురు నవ్వుతూ ఉప్పు డబ్బా పట్టుకుని హాల్లోకి వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆగి, ముగ్గురి మొహాలూ చూసి, "ఏంటి? ఏంటి మళ్లీ?" అంది. ఆ పిల్ల ఏ లిఫ్టూ బాగుచేయలేదు.

ఎన్ని ఉన్నాయి ఇలాంటివి? అత్తగారు పిండి కలిపేటప్పుడు మణికట్టు దగ్గర చిన్న విదుపు, అది ఆమె చేతికెప్పుడొచ్చింది? ఈ ఇంటికొచ్చిన మొదట్లో ఆ విదుపు చూసి విసుక్కునేది, గచ్చంతా పిండి అని. ఇప్పుడు ఆమె కలిపినా గచ్చంతా పిండే. ఏడాదిగా తన పాఠాలే చూసుకుంటే, ముందు తాడాట పోయింది, మోకాలికి పడక. తర్వాత కప్పగంతులు పోయాయి. తర్వాత గెంతి దిగడం. ఒక్కొక్కటీ తీసేసి, ఆ చోట నడక పెట్టింది, ఊపిరి పెట్టింది, పిల్లలు అడిగితే ఇదే మంచిది అంది. అంటే తన మోకాలు ఎంత వంగితే అంతే పాఠం. నేను అరిగినంత మేర వాళ్ల గ్రౌండు చిన్నదైంది. అందుకే, గది తీసుకోవడమే న్యాయమని నిన్నటిదాకా అనుకుంది, చేసి చూపించలేని టీచరు గ్రౌండులో దేనికి, లెక్కల మాస్టారికిచ్చేస్తే పిల్లలకి నాలుగు మార్కులైనా వస్తాయి. ఆ అనుకోవడంలో కొంత మంచితనం, చాలా సిగ్గు. ఒకరోజు అందరి ముందు కూర్చుని లేవలేకపోతే, ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని లేపితే? ఆ బొమ్మ ఏడాదిగా ఆమె వెంట తిరుగుతోంది. దానికంటే తాళం ఉన్న గది నయం.

కానీ ఇవాళ ఆ తర్వాత ఏం జరిగింది? ఏం చెయ్యాలో తోచక అడిగింది, అంతే, ముందుగా అనుకున్నది కాదు. "సరే, ఆ చెయ్యి లేకుండా లేవండి. ఎలా లేస్తారో మీ ఇష్టం. ఎన్ని రకాలుగా లేవచ్చో నాకు చూపించండి." పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గ్రౌండులో మీ ఇష్టం అన్న మాట వాళ్లెప్పుడూ వినలేదు. ముందు నిచ్చెన లేచింది, కాళ్లు కత్తెర వేసి, మరమేకులా తిరుగుతూ పైకి. అది చూసి పక్కవాడు వెనక్కి ఒరిగి, ఊయలలా ఒక ఊపు ఊగి, ఆ ఊపులో లేచాడు, లేచి తన మీద తనకే నమ్మకం కుదరక మళ్లీ కూర్చున్నాడు. ఇద్దరమ్మాయిలు వీపులు ఆనించుకుని, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుతూ, కూలబడుతూ, మళ్లీ తోసుకుంటూ లేచారు. ఒకడు ఒంటికాలి మీద ప్రయత్నించి బురదలో పడ్డాడు. వరసలన్నీ చెదిరిపోయాయి, ఎవరూ ఎవరికీ వీపు చూపించి లేరు, ఎవరి ముందు ఎవరో తెలీదు, బీన్సు బుట్ట బోర్లించినట్టు. ఇక గోడ పక్కన, ప్రతి పీరియడూ ఏదో ఒక నొప్పి చెప్పి కూర్చునే అమ్మాయి, నిద్రమ్మ అంటారు తరగతిలో, ఆ పిల్లను కూడా ఎవరో లాక్కొచ్చారు. నిద్రమ్మ తొందరపడలేదు. ఒళ్లు విరుచుకుంది. పక్కకి తిరిగింది, రెండు అరచేతులూ నేల మీద పెట్టింది, నాలుగు కాళ్ల మీదకి వచ్చింది, ఒక పాదం ముందుకు తెచ్చుకుంది, నడుము పైకెత్తింది, తర్వాత మిగతా ఒళ్లంతా దాని వెనక, మంచం మీంచి లేచినంత తీరిగ్గా, వచ్చి నిలబడింది. మోకాళ్లు ఎక్కడా కిర్రుమనలేదు. "అలా ఎలా చేశావే?" అంటే, "ఏం లేదు మేడమ్, కష్టపడకుండా ఎలా లేవాలో నేను రోజూ పొద్దున ఆలోచిస్తా" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు, నవ్వడం మర్చిపోయి చూస్తోంది. ఇంకోసారి చెయ్యమంది. బరువు ఎక్కడ పెడుతోంది? చేతుల మీద. తర్వాత? తుంటి మీద. మోకాలి వంతు ఎప్పుడొస్తోంది? వచ్చినట్టే ఉంది, కానీ అప్పటికి పని అయిపోతోంది. పై కిటికీలోంచి లెక్కల మాస్టారు తొంగి చూసి, "ఏమిటి మేడమ్, భూకంపమా?" అన్నాడు. గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. కదల్లేదని ఆమెకీ కాసేపటిదాకా తెలీలేదు.

తను చేసి చూపించలేదు. ఏదీ. ఒక్కటీ. మాస్టారు చూస్తే ఏమనేవాడో. తల కొంచెం కుడివైపు వంచి, వినపడలేదు, మళ్లీ చెప్పు, అనేవాడేమో. చేసి చూపించలేనిది చెప్పకు. చెప్పలేదు మాస్టారూ, అడిగాను. అడగడానికి మోకాలు అక్కర్లేదు. ఈ మాట నిజమా, లేక గది వద్దనుకోవడానికి వెతుక్కున్న సాకా? ఆమె ఈనె లాగుతూ ఆగి ఆ మాటని రెండువైపులా తిప్పి చూసింది. సాకే అయితే రేపటికి తేలిపోతుంది. తాడాట మళ్లీ పెడితే, తను ఆడకుండా, ఎలా దిగుతున్నారో చూడాలి, మడమల మీదా మునివేళ్ల మీదా. ఏడాదిగా గెంతని పిల్లలు ఎలా గెంతుతారో. నిద్రమ్మ తాడు ఎలా దాటుతుంది? దాటకుండా ఉండటానికి ఏ ఉపాయం కనిపెడుతుంది? అది చూడకుండా గదిలో కూర్చుని ప్రశ్నపత్రాలు కట్టలు కడుతూ కిటికీలోంచి చూస్తే, గ్రౌండు ఖాళీగా, ఎండ ఒక్కటే. పైన తరగతిలో లెక్కల మాస్టారి గొంతు. వీళ్లందరూ బల్లల వెనక కూర్చుని, గంట కొట్టగానే లేస్తూ, అలవాటుగా, మోకాలి మీద చెయ్యి. ఆ చెయ్యి ఇంక ఎవరు తీస్తారు? పెట్టినదాన్ని నేనే కదా. వాళ్ల మనవలకి కూడా వెళ్తుందేమో, హమ్మతో సహా, ఎవరి నొప్పో తెలీకుండా.

పళ్లెంలో వరసలు చెరిపేసింది. బీన్‌కాయల్ని గుండ్రంగా పేర్చింది, ఒకదాని మొహం ఒకదానికి కనిపించేట్టు. వరసలో నించుంటే ముందువాడి వీపే పాఠం. గుండ్రంగా నించుంటే అందరికీ అందరూ కనిపిస్తారు, ఆమె కనిపించాల్సిన అవసరం అంత ఉండదు. ఎండ? గుండ్రంలో సగం మంది కళ్లలో పడుతుంది. అయితే గోడ నీడలోకి జరపాలి, పీరియడు మొదట్లో నీడ ఎంత ఉంటుంది? పది అడుగులుంటుందా? చాలదు, రెండు గుండ్రాలు చెయ్యాలి. ఒక గుండ్రం చేస్తుంటే ఇంకో గుండ్రం చూస్తుంది. చూసినవాళ్లు ఏం చూశారో చెప్పాలి. మరి టీచరు? ముందు నించునే చోటే లేదు ఇందులో. ఒక బీన్‌కాయ, అన్నిటికంటే ముదురుది, విరిచి వాడదామని పక్కన పెట్టినది, తీసుకుని రెండు గుండ్రాలకీ బయట, పళ్లెం అంచున పెట్టింది. అది నిలబడలేదు, పడుకుంది. కూర్చోబెట్టాలి దాన్ని. దేని మీద? స్టాఫ్‌రూము కుర్చీలు ఇనుపవి, మోయలేరు. బాల్కనీలో బట్టల తీగ కింద, చారల గుడ్డది, మడిస్తే చంకలో ఇమిడేది ఒకటుంది. అందులో అత్తగారు సాయంత్రాలు కూర్చుని వీధి చూస్తారు, ఎవరు ఏ సంచితో వస్తున్నారు, ఎవరి పిల్ల ఎవరి బండి దిగింది, కదలకుండా కూర్చుని వీధి మొత్తం తెలుసు ఆవిడకి.

"ఇంక ఆ పళ్లెం ఇస్తావా, లేకపోతే జెండా ఎగరేశాక ఇస్తావా?" అన్నారు అత్తగారు. ఇస్తానంది. లేవాలి. మామూలుగా అయితే ఇక్కడ పొయ్యి గట్టు పట్టుకుని, ఎవరూ చూడనప్పుడు. ఇప్పుడు ముగ్గురూ ఇటే ఉన్నారు. ఆమె పళ్లెం పక్కన పెట్టి, పక్కకి తిరిగింది. రెండు అరచేతులూ గచ్చు మీద ఆన్చింది, చల్లగా ఉంది గచ్చు. నాలుగు కాళ్ల మీదకి వచ్చింది, చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడితే ఆగి సర్దుకుంది, నిద్రమ్మకి ఈ కుచ్చిళ్ల బాధ లేదు, ఇది రేపు చెప్పాలి. కుడి పాదం ముందుకి. నడుము పైకి. అద్దంలో ఎలా ఉందో చూసుకోనక్కర్లేదు, బర్రె లేచినట్టే ఉంటుంది. భర్త చేతిలో రెక్క పట్టుకుని సాయం పట్టాలా వద్దా అని గుమ్మంలోనే ఆగిపోయాడు, ఈసారి నిజంగానే. తుంటి, నడుము, వీపు, ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. మోకాలు నొప్పి పెట్టింది, కానీ తక్కువ, అదీ చివర్లో, పని అయ్యాక గుర్తొచ్చినట్టు.

"ఇదేం లేవడమే?" అన్నారు అత్తగారు. "ఒకమ్మాయి నేర్పింది" అని, వంగి పళ్లెం తీసి గట్టు మీద పెట్టి, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, కత్తిపీట కడుగుతూ చెప్పింది. "రేపు పొద్దున ఆ గది వద్దని చెప్పేస్తున్నాను. గ్రౌండులోనే ఉంటాను. నా మోకాలి సంగతి ప్రిన్సిపాల్‌గారికీ చెప్తాను, పిల్లలకీ చెప్తాను. కూర్చునే పాఠం చెప్తాను. అత్తయ్యా, బాల్కనీలో మీ మడతకుర్చీ నాకు కావాలి."

కొళాయి ఆపింది. "ఆలోచించావా?" అన్నాడు భర్త. "ఆలోచించాను" అంది. "కుర్చీ నేను మోసుకురాను, నా ఫ్రెండ్సుంటారు, ముందే చెప్తున్నా" అంది కూతురు. అత్తగారు బాల్కనీ వైపు, చీకటి పడుతున్న తన కుర్చీ వైపు చూశారు. తర్వాత చెయ్యి చాచి, గచ్చు మీది ఎర్ర సంచిని దగ్గరికి లాక్కుని, తన మోకాలి మీద పెట్టుకున్నారు. "కూర్చునే డ్యూటీకి ఇదెందుకు" అన్నారు. "నాకే ఉండనీ."